టోస్కానో సిగార్: తక్కువ ధర, బాగా మాగిన ఆకు. రుచి తెలిసినవాళ్ళు రాయండి

#1 బొలోన్యాబాబు

ఈ విభాగంలో సిగార్ల మీద వచ్చే పోస్టులన్నీ క్యూబా చుట్టూనే తిరుగుతున్నాయి. కోహిబా బ్రాండ్ ధర ఎంత, పెట్టె అసలుదా నకిలీదా, దుబాయ్‌లో కొంటే చవకా అని. ఇటలీకి వచ్చాక నాకు బాగా నచ్చిన సిగార్ ఇంకొకటి ఉంది. తెలుగులో దాని గురించి ఎవరూ రాసినట్టు లేదు. పేరు టోస్కానో. ఇక్కడ 'టి' అక్షరం బోర్డు ఉన్న ప్రతి పొగాకు కొట్లోనూ దొరుకుతుంది. పేరున్న క్యూబా సిగార్ ఒక్కటి కొనే డబ్బుతో ఇవి పెట్టెలకు పెట్టెలు వస్తాయి. ఇంత తక్కువకి వస్తోంది కదా అని తక్కువ సరుకు అనుకోవద్దు. 200 ఏళ్ళుగా ఆకుని తడిపి, మండె వేసి (కుప్పగా పేర్చి), పులియబెట్టి, నెలల తరబడి మాగేసి చేస్తున్నారు.

దీని పుట్టుక గురించి ఒక కథ చెప్తారు. 1815 ఆగస్టులో ఫ్లోరెన్స్‌లో గాలివాన వచ్చి, ఫ్యాక్టరీ దగ్గర ఉంచిన కెంటకీ రకం పొగాకు తడిసిపోయింది. ఎండకి అది లోపల వేడెక్కి పులిసింది. పారేయడానికి మనసొప్పక ఆ ఆకుతోనే చవక సిగార్లు చేయించి సామాన్యులకి అమ్మారు. జనానికి ఆ రుచి పట్టుకుంది. 1818 నుంచి టస్కనీ గ్రాండ్ డ్యూక్ పాలనలోనే ఫ్యాక్టరీ పద్ధతిలో తయారీ మొదలైంది. ఇప్పుడు లుక్కాలోనూ, దక్షిణాన సలెర్నో దగ్గర కావా దె తిర్రేనిలోనూ చేస్తున్నారు. చేత్తో చుట్టిన రకాలకి ధర కాస్త ఎక్కువ, మెషీన్ మీద చేసినవి తక్కువ. రెండిట్లోనూ ఆకు మాత్రం ఇలా పులిసి మాగినదే.

నేను ఎక్కువగా కాల్చేది ఎక్స్‌ట్రావెక్యో అనే రకం. దాని గురించే వివరంగా రాస్తాను.

చూడ్డానికి నున్నగా, తీర్చిదిద్దినట్టు ఉండదు. రెండు కొసలూ సన్నం, నడుము లావు. పైఆకు ముదురు గోధుమ రంగు, ఈనెలు వేలికి తగులుతూనే ఉంటాయి. అక్కడక్కడా ఒక మడత, ఒక నల్లమచ్చ. పట్టుకుంటే ఎండుగా, గట్టిగా ఉంటుంది, నొక్కితే దిగదు. క్యూబా సిగార్ వేళ్ళ మధ్య కొంచెం మెత్తగా తగులుతుంది. ఇది అలా ఉండదు, ఉండకూడదు కూడా.

సరిగ్గా నడుము దగ్గర సగానికి కోసి, ఒక సగమే కాల్చాలి. కోసిన చోట ముక్కు పెట్టి చూడండి. మొదట పొగచూరిన కట్టె వాసన వస్తుంది. ఓక్, బీచ్ అనే చెట్ల కట్టెల పొగ పెట్టి ఆకుని ఆరబెడతారు కాబట్టి ఆ వాసన గట్టిగానే ఉంటుంది. దాని వెనకాల తోలు వాసన. ఇంకా అడుగున లేత పులుపు. ఆ పులుపు ముక్కుని గుచ్చకూడదు. అమ్మోనియాలా గుచ్చితే ఆకు ఇంకా మాగాల్సి ఉందన్నమాట. అలాంటి పెట్టెని మూత తీసి కొన్ని వారాలు గాలి ఆడేచోట ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

వెలిగించాక మొదటి నిమిషాల్లో నాలుక కొసన మిరియం ఘాటు, పెదాల మీద కొంచెం ఉప్పదనం. అక్కడే చాలామంది 'అబ్బో, ఘాటు' అని ఆపేస్తారు. నిదానంగా రెండు మూడు దమ్ములు లాగి, కాసేపు వదిలేసి, మళ్ళీ లాగాలి. పావుగంట దాటాక అసలు రుచి బయటపడుతుంది: చేదు కోకో, కొద్దిగా మాడిన తాటిబెల్లం, నోటి వెనక భాగంలో వగరు. చివరి రెండు సెంటీమీటర్లలో ఘాటు మళ్ళీ ఎక్కుతుంది. నేను అక్కడ వదిలేస్తాను.

ఇంకెవరైనా కాల్చారా? ఊళ్ళో చుట్ట అలవాటున్న ఇళ్ళవాళ్ళు ఉంటే తప్పకుండా రాయండి. ఆ పోలిక గురించి చాలా తెలుసుకోవాలని ఉంది.

#2 చార్మినార్‌చాయ్

బాగా రాశారు అన్నా. నాకు సిగార్ కొత్త. ఫ్రెండ్స్‌తో ఒకట్రెండు సార్లు కాల్చాను, తల తిరిగింది. కొన్ని బేసిక్ డౌట్లు. పొగ లోపలికి పీల్చాలా? మధ్యలో ఆరిపోతే మళ్ళీ వెలిగించొచ్చా, లేక రుచి పాడవుతుందా? సగానికి కోయడం అంటే కటర్‌తోనా, చాకుతోనా?

#3 బొలోన్యాబాబు

పీల్చకూడదు తమ్ముడూ. పొగని నోట్లో ఉంచి, నాలుక మీద తిప్పి వదిలేయడమే. పులిసిన ఆకు పొగ క్షార గుణం ఉన్నది. అందుకని నికోటిన్ నోటి చర్మం నుంచే ఒంట్లోకి వెళ్ళిపోతుంది. సిగరెట్ పొగ ఆమ్ల గుణం వైపు ఉంటుంది, అందుకే అది ఊపిరితిత్తుల దాకా పీలిస్తే తప్ప కిక్ ఇవ్వదు. సిగరెట్ అలవాటున్నవాళ్ళు సిగార్ పొగని అదే పద్ధతిలో పీల్చేస్తే తల తిరగడం, చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం మామూలే. ఖాళీ కడుపుతో అసలు వద్దు. భోజనం అయ్యాక కాల్చండి. తల తేలికగా అనిపిస్తే ఆపేసి, ఏదైనా తీపి తిని కూర్చోండి.

ఆరిపోవడం గురించి: టోస్కానో తరచుగా ఆరిపోతుంది. అది లోపం కాదు. నెమ్మదిగా కాలిస్తే ఆరుతుంది, తొందరగా కాలిస్తే వేడెక్కి చేదెక్కుతుంది. రెండిట్లో ఆరడమే మంచిది. ఆరినప్పుడు బూడిద రాల్చి, ఒకసారి బయటికి ఊది లోపల నిలిచిన పొగని పంపేసి, మళ్ళీ వెలిగించండి. అగ్గిపుల్ల అయితే గంధకం కాలిపోయాక అంటించండి. పెట్రోల్ లైటర్ మాత్రం వద్దు, మొదటి అయిదు నిమిషాలు దాని వాసనే రుచి అయిపోతుంది.

కోయడానికి పదునున్న మామూలు చాకు చాలు. కొట్లో దొరికే టోస్కనెల్లో అనే రకం ముందే సగానికి కోసి వస్తుంది. కోయకుండా మొత్తం సిగార్‌ని ఒక కొస నుంచి కాల్చే పద్ధతి కూడా ఉంది, దాన్ని 'మరెమ్మా' పద్ధతి అంటారు. టస్కనీలో మరెమ్మా పశువుల కాపరుల ప్రాంతం. కొత్తవాళ్ళకి అది వద్దు, చాలా గట్టిగా ఉంటుంది.

#4 లంకలవాడు

మాది గోదావరి లంక. మా తాతగారి కాలంలో పొగాకు తోట, ఇప్పుడు అరటి, కంద. మీరు రాసిన 'తడిపి, మండె వేసి' అన్న మాట చదవగానే మా ఇంటి వెనక పాక కళ్ళ ముందుకొచ్చింది.

లంక పొగాకు చుట్టకే పుట్టిన ఆకు. వరద వచ్చి వెళ్ళాక లంకల మీద మిగిలే ఒండ్రులో వేస్తారు. ఆకు మందంగా, పట్టుకుంటే వేళ్ళకి జిగురు అంటుకునేలా ఉంటుంది. కోసిన ఆకుని తాళ్ళకి గుచ్చి పందిళ్ళ కింద నీడలో ఆరగట్టేవాళ్ళు. ఆరిన ఆకు పగటిపూట ముట్టుకుంటే పిండి అయిపోతుంది. తెల్లవారుజామున మంచుకి మెత్తబడ్డప్పుడే దించాలి. దించిన ఆకుని ఒకదాని మీద ఒకటి పేర్చి మండె వేసి, పైన గోనెలు కప్పి బరువు పెట్టేవాళ్ళు. రెండు మూడు రోజులకి లోపల వేడి పుట్టేది. తడిసిన గడ్డివామి లోపల చెయ్యి పెడితే ఎలా వేడిగా తగులుతుందో అలాగే. మా తాతగారు మోచేతి దాకా లోపలికి పెట్టి చూసి, 'తిప్పండి' అనేవారు. అప్పుడు పైది కిందకి, లోపలిది బయటికి మార్చి మళ్ళీ పేర్చాలి. తిప్పడం ఆలస్యమైతే మధ్యలో ఆకు నల్లబడి, మగ్గి, పేడ వాసన కొడుతుంది. తొందరగా విప్పేస్తే ఆకు పచ్చివాసన పోదు, చుట్ట కాలిస్తే గొంతు పట్టేస్తుంది.

ఆ పాకలోకి వెళ్తే కళ్ళు మండేవి. అమ్మోనియా అని మాకు పేరు తెలీదు, 'ఘాటు దిగుతోంది' అనేవాళ్ళు. ఘాటు దిగాక వచ్చే వాసన వేరు, అందులో ఒక తియ్యదనం ఉంటుంది. అది వచ్చాకే వ్యాపారిని పిలిచేవారు.

గుంటూరు, ప్రకాశం వైపు వర్జీనియా పొగాకు సంగతి వేరు. దాన్ని బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే గదిలో, గొట్టాల వేడి మీద కొద్దిరోజుల్లో పసుపుగా దించేస్తారు, సిగరెట్‌కి పోతుంది. అందులో ఇలా పులియబెట్టడం ఉండదు. పొగాకు అంటే వర్జీనియాయే అన్నట్టు అందరూ మాట్లాడుతుంటే నాకు బాధగా ఉంటుంది. రాజమండ్రిలో 1947లో పెట్టిన పొగాకు పరిశోధన కేంద్రం లంక రకాల మీద కూడా పనిచేసింది. కానీ చుట్ట కొనేవాళ్ళే తగ్గిపోయాక రైతు ఏం చేస్తాడు.

#5 టాంపాతెలుగు

లంకలవాడు గారూ, మీ పోస్ట్ ప్రింట్ తీసి పెట్టుకోవాలనిపించింది. మీ తాతగారు చేసిందే నికరాగ్వాలో ఎస్తెలీ దగ్గర ఇప్పటికీ చేస్తున్నారు. అక్కడ మండెని పిలోన్ అంటారు. ఆకుల కట్టలని మనిషి ఎత్తున పేరుస్తారు. మధ్యలోకి ఒక గొట్టం పెట్టి, అందులో థర్మామీటర్ దింపుతారు. వేడి 45, 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి రాగానే విప్పి తిప్పుతారు. మొక్క పైభాగంలోని మందమైన ఆకుకి ఎక్కువకాలం, కిందిభాగం పల్చటి ఆకుకి తక్కువ. మోచెయ్యి పెట్టి చూడటానికీ, థర్మామీటర్ దింపడానికీ పెద్ద తేడా లేదు. ఎప్పుడు తిప్పాలో తెలియడమే పనితనం.

నేను ఫ్లోరిడాలో ఉంటాను. టాంపాలో ఈబోర్ సిటీ అనే పేట సిగార్ల మీదే పుట్టింది. 1880ల్లో క్యూబా నుంచి వచ్చిన పనివాళ్ళు, వాళ్ళ ఫ్యాక్టరీలతో ఎదిగిన ఊరు. 1910 నాటి ఒక ఫ్యాక్టరీలో ఇప్పటికీ సిగార్లు చేస్తున్నారు. ఇక్కడ చవకగా మంచిది కావాలంటే మేం 'బండిల్' కొంటాం. చెక్కపెట్టె, బంగారు రంగు పట్టీ లేకుండా కట్టగా కట్టి అమ్మేవి. ఆకు మాత్రం పిలోన్‌లో మాగిందే. పైఆకు రంగు అన్నిటికీ ఒకేలా కుదరకపోతే వాటిని ఇలా కట్టల్లో వేసేస్తారు. తేడా రంగులోనే కాబట్టి రుచికి వచ్చిన నష్టం లేదు. కాబట్టి చవకలో మంచి సిగార్ అనగానే టోస్కానో ఒక్కటే అనుకోకండి.

ఒక ప్రశ్న. మా సిగార్లలో మూడు పొరలు ఉంటాయి: లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, పైన చుట్టే ఆకు. టోస్కానోలో కట్టు ఆకు లేదని విన్నాను. మరి నిలబడేది ఎలా?

#6 బొలోన్యాబాబు

లేదు, నిజమే. లోపలి ఆకు ముక్కలు, పైన ఒకే ఒక్క ఆకు. ఈనె తీసేసిన సగం ఆకుని పరిచి, మొక్కజొన్న గంజితో చేసిన జిగురు రాసి, దాని మీద లోపలి ఆకు పెట్టి ఏటవాలుగా చుట్టేస్తారు. రెండూ కెంటకీ రకమే. పైఆకు మొత్తం బరువు మొయ్యాలి కాబట్టి చిరుగు లేకుండా సాగే ఆకునే దానికి ఏరతారు. మిగతాది లోపలికి.

రుచిలో ఇంత పొగ వాసన ఎందుకుందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. నికరాగ్వా ఆకుని, లంక ఆకుని గాలికి ఆరబెడతారు. కెంటకీ ఆకుని కొట్టాంలో వేలాడగట్టి కింద కట్టెలు రగిలిస్తారు. మంట లేవకుండా పొగ మాత్రం వచ్చేలా వారాలపాటు చూసుకోవాలి. టస్కనీలో కియానా లోయలో, తైబర్ నది ఎగువ లోయలో, దక్షిణాన బెనెవెంతో వైపు ఈ ఆకు పండిస్తారు.

ఆ తర్వాత అసలు సంగతి: తడపడం. పొగలో ఆరిన ఆకుని నీళ్ళతో తడిపి మండె వేస్తారు. ఇటాలియన్ పరిశోధకులు ఆ మండెలో ఏం జరుగుతుందో చూశారు. మొదట్లో ఆకు ఆమ్లంగా ఉంటుంది, ఈస్ట్ జాతులు పెరుగుతాయి. అవి ఆకులోని ఆమ్లాలని తినేశాక వేడి పెరిగి, బాక్టీరియా చేతికి పని వస్తుంది. ఆకు మెల్లగా క్షారంగా మారుతుంది. అమ్మోనియా బయటికి పోతుంది. లంకలవాడు గారి తాతగారు 'ఘాటు దిగుతోంది' అన్నది సరిగ్గా ఈ దశనే. సిగార్ చుట్టాక కూడా అలమారాల్లో పెట్టి మాగేస్తారు. మామూలు రకాలకి కొన్ని నెలలు, పేరున్న వాటికి ఏడాది, అంతకు మించి. ఆ నెలల ఖర్చుని కూడా కలుపుకుని ఈ ధరకి ఇస్తున్నారంటే నాకు గౌరవం కలుగుతుంది.

#7 పళ్ళడాక్టర్

చర్చ ఆసక్తిగా ఉంది కాబట్టే రాస్తున్నాను, ఎవరి సరదా చెడగొట్టడానికి కాదు. 'సహజంగా పులియబెట్టారు, రసాయనాలు లేవు, కాబట్టి హాని తక్కువ' అనే మాట నా దగ్గరకొచ్చే పేషెంట్లు తరచుగా అంటారు. అది తప్పు.

మండెలో పనిచేసే బాక్టీరియాలో కొన్ని ఆకులోని నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి. ఆ నైట్రైట్ పొగాకులోని నికోటిన్ లాంటి ఆల్కలాయిడ్లతో కలిసి నైట్రోసమీన్లు తయారవుతాయి. వీటిలో ఎన్.ఎన్.ఎన్., ఎన్.ఎన్.కె. అనే రెండిటిని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో పెట్టింది. కట్టెల పొగలో ఆరబెడితే అవి ఇంకా పెరుగుతాయి. అంటే మీరు మెచ్చుకుంటున్న రుచీ, ఈ పదార్థాలూ ఒకే మండెలో పుడుతున్నాయి.

పొగ పీల్చకపోతే ఊపిరితిత్తులకి ముప్పు తగ్గుతుంది, పోదు. నోరు, గొంతు, అన్నవాహిక మాత్రం పొగకి నేరుగా తగులుతాయి. రోజూ కాల్చేవాళ్ళ బుగ్గ లోపల తెల్లటి మచ్చలు, అంగిలి మీద ఎర్రటి చుక్కలు నేను చూస్తూనే ఉంటాను. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ మీద 1960ల నుంచి పరిశోధనలు ఉన్నాయి. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఆ వేడీ, పొగా అంగిలికే తగులుతాయి.

కాల్చేవాళ్ళు ఆరునెలలకోసారి నోరు చూపించుకోండి. రెండు వారాల్లో మానని పుండు ఏది ఉన్నా ఆగకండి. కాల్చనివాళ్ళు ఈ థ్రెడ్ చదివి మొదలుపెట్టొద్దని నా మనవి.

#8 లంకలవాడు

డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. పొలంలో గాలికి నిప్పు ఆరకుండా, బట్టల మీద రవ్వలు పడకుండా అలా అలవాటైందని చెప్పేది. చివరి రోజుల్లో అంగిలికి పుండు పడి, అన్నం మింగలేక చాలా బాధపడింది. పొగాకు మా ఇంటికి తిండి పెట్టింది, మనిషిని తీసుకుపోయింది కూడా. రెండూ చెప్పకపోతే ఆ ఆకు గురించి నేను చెప్పేది పూర్తి కాదు.

#9 చార్మినార్‌చాయ్

పళ్ళడాక్టర్ గారూ, థాంక్స్. 'నేచురల్' అని చదివి నేనూ అదే అనుకున్నాను. అయితే నెలకో రెండు నెలలకో ఒక సగం అంటే?

#10 పళ్ళడాక్టర్

ఎంత తక్కువైతే అంత తక్కువ ముప్పు. ఇంతవరకు ఫర్వాలేదని గీత గీసి చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేడు. రోజూ కాల్చేవాడికీ, ఎప్పుడో ఒకసారి కాల్చేవాడికీ తేడా మాత్రం చాలా పెద్దది. పక్కన మందు ఉంటే నోటి క్యాన్సర్ ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ రెండూ కలపకండి. నెలకొకటి అన్నది వారానికొకటిగా మారుతోందా అని మిమ్మల్ని మీరు గమనించుకోండి.

#11 విశాఖవనజ

నేను కాల్చను. కానీ మా అమ్మమ్మ చుట్టలు చుట్టి అమ్మేది, అందుకే ఈ థ్రెడ్ మొత్తం చదివాను. చుట్టేవాళ్ళ గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

అమ్మమ్మ ఆకుని తడిగుడ్డలో ఉంచి, మెత్తబడ్డాక ఈనె లాగేది. ఒక్క లాగుడులో రావాలి, మధ్యలో తెగితే ఆ ఆకు లోపలికి పోతుంది, పైఆకుకి పనికిరాదు. పైఆకు ఎప్పుడూ ఈనెల వైపు లోపలికి ఉండేలా పరిచేది. అరచేతికింద ఒకసారి దొర్లించగానే చుట్ట లావు తెలిసిపోయేది ఆమెకి. గట్టిగా చుడితే పొగ రాదు, వదులుగా చుడితే ఒకవైపే కాలిపోతుంది. సాయంత్రానికి వేళ్ళు నల్లగా, జిగటగా అయ్యేవి. సబ్బుతో పోయేది కాదు, పచ్చి చింతపండుతో రుద్దుకునేది. ఆ చేతులతో అన్నం కలిపితే చేదు.

ఇటలీలో చుట్టే ఆడవాళ్ళ పరిస్థితి ఏంటి? సిగార్ చవక అంటే వాళ్ళ కూలి చవకా?

#12 బొలోన్యాబాబు

వనజ గారూ, ఇది అడగాల్సిన ప్రశ్న. అక్కడ చుట్టేవాళ్ళని సిగరాయే అంటారు, మొదటినుంచీ ఆడవాళ్ళే. ఇటలీ ఏకమయ్యాక పొగాకు తయారీ ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందకి వెళ్ళింది. కాబట్టి వీళ్ళు ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగులు. 19వ శతాబ్దపు ఇటలీలో సొంత జీతం ఉన్న ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు? లుక్కాలో సిగరాయే అంటే ఇంటికి జీతం తెచ్చే మనిషి. వీళ్ళు సంఘాలు కట్టారు, సమ్మెలు చేశారు. పొగాకు ఫ్యాక్టరీల్లో పసిపిల్లలకి పాలిచ్చే గదులు పెట్టించుకున్నారు. పని మాత్రం తేలిక కాదు, ఆ ధూళి, ఆ ఘాటు మీ అమ్మమ్మగారికి తెలిసినవే.

ధర తక్కువ కావడానికి కారణాలు వేరు. చాలా రకాలు మెషీన్ మీద చేస్తారు, చెక్కపెట్టెలు ఉండవు, ఆకు ఎక్కువగా ఆ దేశంలోనే పండుతుంది. చేత్తో చుట్టిన వాటికి ఎక్కువ ధర పెట్టి కొనడం నాకు సబబుగా అనిపిస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది కూడా: చేత్తో చుట్టినదాంట్లో నడుము ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉంటుంది.

#13 టాంపాతెలుగు

మీ మాట మీద టోస్కానో తెప్పించి కాల్చాను. నిజాయితీగా రాస్తాను, నాకు పూర్తిగా ఎక్కలేదు. వాసన అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ నోట్లో మొదటినుంచి చివరిదాకా ఆ కట్టె పొగ ఒకటే ముందు నిలబడింది. నికరాగ్వా సిగార్‌లో మొదటి మూడో వంతులో ఒక రుచి, మధ్యలో ఇంకోటి, చివర్లో మరోటి. నేను సిగార్ కాల్చేది ఆ మార్పు కోసమే. పైగా ఇది పెదాలకి అంటుకుని, ఆకు తుంపులు నోట్లోకి వస్తున్నాయి.

రెండోసారి మాత్రం ఫిల్టర్ కాఫీతో కాల్చాను, చక్కెర లేకుండా. అప్పుడు ఆ పొగ వెనక్కి తగ్గి మీరు చెప్పిన తాటిబెల్లం తగిలింది. కాబట్టి సిగార్‌ని కొట్టిపారేయను. కానీ మొదటి సిగార్‌గా ఎవరికైనా ఇమ్మంటే, పల్చటి పైఆకు ఉన్న డొమినికన్ రిపబ్లిక్ సిగారే ఇస్తాను.

#14 బొలోన్యాబాబు

మీ అభిప్రాయంలో చాలా న్యాయం ఉంది. టోస్కానోలో మార్పు తక్కువే, ఒకే రకం ఆకు కదా. మీ సిగార్లలో మూడు నాలుగు ప్రాంతాల ఆకు కలుపుతారు, అందుకే మలుపులు. టోస్కానోలో నేను చూసేది లోతు. ఒకే రుచి నెమ్మదిగా ముదురుతుంది. తోడు కాఫీ ఉంటే బాగుంటుందన్న మాటకి వంద శాతం మద్దతు. 70 శాతం పైన కోకో ఉన్న చాక్లెట్ ముక్క కూడా ప్రయత్నించండి. తుంపులు రాకుండా, కోసిన కొసని వేలితో ఒకసారి దులిపి, అంచుని కాస్త తడి చేస్తే సరిపోతుంది.

కాఫీ, వెనిల్లా వాసన కలిపిన రకాలు కూడా అమ్ముతారు. వాటి జోలికి నేను పోను. అంత కష్టపడి మాగేసిన ఆకు మీద ఎసెన్స్ ఎందుకో నాకు అర్థం కాదు.

#15 చార్మినార్‌చాయ్

మా కజిన్ మిలాన్ నుంచి వస్తున్నాడు. ఒక పెట్టె తెమ్మంటే కస్టమ్స్‌లో ప్రాబ్లమ్ ఉంటుందా? హైదరాబాద్ ఎండలో ఎలా దాచాలి? హ్యూమిడార్ (తేమ నిలిపి ఉంచే సిగార్ పెట్టె) కొనాలా? ఏ రకం తెమ్మనాలి?

#16 టాంపాతెలుగు

కస్టమ్స్ గురించి: 2016 బ్యాగేజీ నిబంధనల్లో ఒక ప్రయాణికుడికి 25 సిగార్లు అని ఉండేది. అంతకు మించితే సుంకం కట్టాల్సి వచ్చేది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్ చూసుకోమనండి. ఇంకోమాట, 2008 అక్టోబర్ 2 నుంచి మన దగ్గర బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం. ఇంట్లో అయితే బాల్కనీలో, పిల్లలు, పెద్దవాళ్ళు లేనప్పుడు.

ఎండ కంటే పురుగు గురించి జాగ్రత్త పడాలి. పొగాకు పురుగు గుడ్లు ఆకులో కంటికి కనబడకుండా ఉండొచ్చు. గది వేడి 24, 25 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు ఉంటే అవి పొదుగుతాయి. పైఆకు మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లులు కనిపిస్తే అదే. రాగానే పెట్టెని జిప్ కవర్లో వేసి, గాలి తీసేసి, మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. తర్వాత ఒక రోజు ఫ్రిజ్‌లో, అక్కణ్ణుంచి బయటికి. ఒక్కసారిగా బయట పెడితే తడి పట్టి పైఆకు పగులుతుంది.

#17 బొలోన్యాబాబు

హ్యూమిడార్ అక్కర్లేదు. క్యూబా, నికరాగ్వా సిగార్లకి 65 నుంచి 70 శాతం తేమ కావాలి, టోస్కానో పొడిగానే ఉండాల్సిన సిగార్. ఎండాకాలంలో గాలి చొరబడని డబ్బాలో వేసి అలమారాలో పెట్టండి. వానాకాలంలో బియ్యం గింజలు గుడ్డలో కట్టి డబ్బాలో ఒక మూల ఉంచితే కొంత తేమ లాగుతుంది. మసాలాలు, అగరబత్తులు ఉన్న అరలో మాత్రం వద్దు, ఆకు వాసన పట్టేస్తుంది.

కజిన్‌ని మామూలు టోస్కనెల్లో ఒక పెట్టె, ఎక్స్‌ట్రావెక్యో ఒక పెట్టె తెమ్మనండి. పెట్టెకి అయిదు ఉంటాయి. వాసనలు కలపనిదే అడగమనండి. ముందు టోస్కనెల్లో ఒకటి కాల్చి చూడండి. అది కుదిరితే కొన్ని వారాలాగి ఎక్స్‌ట్రావెక్యో కోయండి, రెండో సగాన్ని అదే పెట్టెలో పెట్టి ఇంకోసారికి దాచండి. కుదరకపోతే మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి, బలవంతంగా అలవాటు చేసుకోవద్దు. కాల్చాక ఇక్కడ రాయండి, ముఖ్యంగా కోసిన చోట ముందు ఏ వాసన తగిలిందో.

#18 లంకలవాడు

చార్మినార్‌చాయ్ తమ్ముడూ, ఆ సగంలో ఒక చిన్న ముక్క పోస్టులో పంపగలిగితే నాకు పంపు. కాల్చను, మా నాయనమ్మ పోయాక ఇంట్లో ఎవరం కాల్చడం లేదు. మా ఊళ్ళో మండె పని చేసిన పెద్దాయన ఇంకా ఉన్నారు. ఆయన ముక్కు దగ్గర పెట్టి, ఆకు ఎంత మాగిందో చెప్పించి ఇక్కడ రాస్తాను.

#19 చార్మినార్‌చాయ్

తప్పకుండా అన్నా. అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి. సంక్రాంతికి వస్తున్నాడు.